కిడ్నీ అని చెప్పాను

నేను గూడ్సు బండి డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ మా రైల్వే కాలనీలో డ్రైవరు డ్రైవరే. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఖలాసీ ఉద్యోగానికి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టాను. రిటైరయ్యాక ఫ్యాక్టరీలున్న భన్‌పురిలో ఒక వెనక గల్లీలో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. ఆ ఇంట్లో నా భార్య ఎక్కువ కాలం ఉండలేదు. ఒక సాయంత్రం కూర తరుగుతూ గుండె ఆగి పోయింది. మాకు ఒక్కతే కూతురు. ఊరికి ఇంకో పక్క, టాటీబంధ్‌లో ఉంటుంది. అల్లుడికి అక్కడ లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉంది.

మా రోజుల్లో గూడ్సు ఇంజన్లో మరుగుదొడ్డి ఉండేది కాదు. సిగ్నల్ దొరక్క ఏ అడవి మధ్యలోనో బండి ఆగితే దిగొచ్చు. ఆగకపోతే బిగబట్టుకుని కూర్చోవడమే. వేసవిలో కూడా నీళ్ళు తక్కువ తాగేవాళ్ళం. అందుకే అరవై దాటాక మాటిమాటికీ బాత్రూముకి లేవాల్సి వస్తుంటే, ఇన్నేళ్ళు బిగబట్టినందుకు ఒళ్ళు ఎదురు తిరిగిందనుకున్నాను. వయసని సరిపెట్టుకుని చాలాకాలం గడిపేశాను. చివరికి ఒకరోజు మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళాను. ట్యూబు పెట్టారు. రక్తపరీక్షలు చేశారు, తర్వాత లోపల్నించి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూశాడు. 

"సాథ్ మే కోయీ ఆయా హై, అంకుల్?"

ఎవరూ రాలేదని చెప్పాను. అయితే మీకే చెబుతానని, ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సరనీ, ఇంకా బయటికి పాకలేదనీ, భయపడాల్సింది లేదనీ హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఆపరేషన్ ఒక దారి, రేడియేషన్ ఒక దారి అన్నాడు. రేడియేషన్లోనే ప్రోటాన్ అని కొత్తది ఉందనీ, అది చెన్నైలో దొరుకుతుందనీ చెప్పాడు. మామూలు కిరణం ఒంట్లోంచి అవతలికి దూసుకుపోతుందట. ఈ ప్రోటాన్ కిరణం చెప్పినచోట ఆగిపోతుందట. బండి ఆపడమే జీవితమంతా చేసినవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు బాగా అర్థమైంది. కానీ ఆ కుర్ర డాక్టరు నిజాయితీపరుడు. "అదే కావాలని లేదు అంకుల్. ఇక్కడి మామూలు రేడియేషన్‌తో కూడా మీకు నయమవుతుంది" అన్నాడు.

నేను చెన్నై అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలీదు. రాయపూర్‌లో ఏ ఆస్పత్రికి వెళ్ళినా రైల్వేవాడు ఒకడు తగులుతాడు. వాడికి తెలిస్తే కాలనీకంతటికీ తెలుస్తుంది. ఎక్కడ జబ్బు అని అడుగుతారు. అడిగినవాళ్ళ కళ్ళు కిందికి వెళతాయి. దూరంగా, నన్ను ఎరిగినవాళ్ళు లేని ఊళ్ళో జబ్బుపడాలని నాకు అనిపించింది.

కూతురికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ గ్రంథికి తెలుగులో ఒక పేరు ఉందో లేదో నాకు తెలీదు. ఉన్నా కూతురి ముందు పలికే మాట కాదు. పైగా వాళ్ళమ్మ పోయి ఎంతోకాలం కాలేదు, ఆ పిల్ల ముందు కేన్సరనే మాట ఎత్తబుద్ధి కాలేదు. ఫోన్ చేసి కిడ్నీలో చిన్న గడ్డ అని చెప్పాను. కోయకుండా కిరణాలతో కరిగిస్తారనీ, రోజూ కొంచెం కొంచెం కరిగించాలి కాబట్టి రెండు నెలలు పడుతుందనీ చెప్పాను.

"నేను వస్తాను నాన్నా. పిల్లల్ని వాళ్ళ నానమ్మ చూసుకుంటుంది."

"పిల్లల పరీక్షలు పెట్టుకుని నువ్వెక్కడికి వస్తావు? అక్కడ అన్నీ వాళ్ళే చూసుకుంటారు."

"పక్కా?"

"పక్కా."

అల్లుడు స్టేషన్ దాకా వచ్చి బండెక్కించాడు. నా సంచీ సీటు కింద పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టి, బండి కదిలేదాకా కిటికీ దగ్గరే నుంచున్నాడు. మంచి కుర్రాడు. బండి కదిలాక నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి విజయవాడ దాకా ఉంది.

చెన్నైలో ఆస్పత్రికి దగ్గర్లో ఒక గది తీసుకున్నాను. ఆ సందులో గదులన్నీ నాలాంటివాళ్ళవే. కానీ ప్రతి గదిలో భార్యో కొడుకో ఉండేవారు. సాయంత్రమయ్యేసరికి తలుపుల వెనక నుంచి కుక్కర్ కూతలు, రకరకాల భాషల మాటలు వినిపించేవి. నేను పెరుగన్నం తెచ్చుకుని తినేవాణ్ణి. మసాలా, పప్పులు, గ్యాసు పట్టించేవి ఏవీ తినకూడదన్నారు. పేగు ఖాళీగా ఉండాలి, మూత్రాశయం నిండుగా ఉండాలి. పేగులో గాలి నిండితే గ్రంథి పక్కకి జరిగిపోతుందట. మూత్రాశయం నిండితే పైకి లేచి, కిరణం దారిలోంచి చాలావరకు తప్పుకుంటుందట. అందుకని వారానికి ఐదు రోజులు, వైద్యానికి ముందు వాళ్ళు చెప్పిన కొలతకి నీళ్ళు తాగి, బెంచీ మీద వరసగా కూర్చునేవాళ్ళం. అందరం వయసు మళ్ళిన మగవాళ్ళమే. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

అక్కడే పరిచయమయ్యాడు బరంపురం మేష్టారు. ఒడిశాలో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన తెలుగాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నా పక్కన కూర్చుని, నా చేతిసంచీ మీది తెలుగు అక్షరాలు చదివి, "తెలుగేనా బాబూ?" అన్నాడు. 

ఒకరోజు మిషన్ ఏదో మొరాయించింది. అప్పటికే అందరం నీళ్ళు తాగేసి ఉన్నాం. ఇంకాసేపు, ఇంకాసేపు అంటున్నారు. బాత్రూముకి వెళితే మళ్ళీ మొదట్నుంచి తాగి కూర్చోవాలి. బెంచీ చివర ఒకాయన తల గోడకి ఆనించి నిశ్శబ్దంగా ఏడవడం మొదలుపెట్టాడు. ఆయన భాష మాకు తెలీదు. మేష్టారు రెండు మోకాళ్ళూ దగ్గరగా నొక్కిపెట్టుకుని నాతో అన్నాడు:

"మా స్కూల్లో పిల్లలు వేలు చూపించి అడిగితే, బెల్లు కొట్టేదాకా ఆగరా అనేవాణ్ణండీ. ఇప్పుడు నా బెల్లు వీళ్ళ చేతిలో ఉంది."

నేను నవ్వాను. నవ్వకూడదు, నవ్వితే ప్రమాదం.

"డ్రైవరుగారూ, ఏదైనా చెప్పండి. నీళ్ళనే మాట లేకుండా చెప్పండి."

మే నెలలో బొగ్గు లైన్లో బండి నడపడం గురించి చెప్పాను. ఇంజన్ తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి కాలేది. పట్టాల మీద గాలి మరిగినట్టు వణికేది. ఎండిన వాగుల పేర్లన్నీ చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని ఎండిన వాగులన్నీ విన్నాడు. అంతలో లోపల్నించి నన్ను పిలిచారు.

వైద్యంలో నొప్పేమీ ఉండదు. తుంటి మీద పెట్టిన చిన్న చుక్కలు సరిచూసి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, కదలొద్దని చెప్పి అందరూ బయటికి వెళ్ళిపోతారు. మందమైన తలుపు మూసుకుంటుంది. చల్లటి పెద్ద గది. ఇంటి కంటే పెద్ద చక్రమేదో నా చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంది. కిరణం వచ్చిందో వెళ్ళిందో ఒంటికి తెలీదు. ఆ గదిలో ఒక్కణ్ణే పడుకున్నప్పుడు ఒకే ఒక ఆలోచన వచ్చేది. ఈ సమయంలో నేను ఎక్కడ, ఎలా ఉన్నానో నా వాళ్ళలో ఒక్కరికి కూడా తెలీదు. దానికోసమే కదా ఇంత దూరం వచ్చాను అనుకునేవాణ్ణి. అయినా బయటికొచ్చి ప్యాంటు వేసుకోగానే ఫోన్ తీసి, ఎవరైనా చేశారేమోనని చూసుకునేవాణ్ణి.

వైద్యం సగం దాటాక మంట మొదలైంది. మూత్రం సన్నగా, ఆగి ఆగి వచ్చేది. పడుకునే ముందు వేసుకోమని ఒక మాత్ర ఇచ్చారు. తుంటికి రెండు వైపులా చర్మం ఎండకి కమిలినట్టు ఎర్రబడితే కొబ్బరినూనె కూడా రాయొద్దని, వాళ్ళిచ్చిన పూతే రాయమన్నారు. అన్నిటికంటే అలసట ఎక్కువ. మెట్లెక్కి గదికి వచ్చి, చెప్పులు విప్పే ఓపిక లేక అలాగే మంచం మీద కూర్చుండిపోయేవాణ్ణి. 

నాకంటే ముందు మేష్టారి వైద్యం అయిపోయింది. వెళ్ళేరోజు బెంచీ దగ్గరికి వచ్చి, ఆరోజు తను నీళ్ళు తాగలేదు కాబట్టి, దర్జాగా కాళ్ళు చాపి కూర్చున్నాడు. "ఫోన్ చెయ్యండి. ఈ సంగతులు మాటాడుకోడానికి మనకింకెవరున్నారు?" అన్నాడు.

నేను రాయపూర్ తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరాయి. కూతురు స్టేషన్‌కి వచ్చి, నన్ను చూసి, "ఇంత చిక్కిపోయావేంటి నాన్నా" అంది. గడ్డ కరిగిపోయిందని చెప్పాను. వాళ్ళింట్లో రెండ్రోజులుండి, మూడో రోజు నా ఇంటికి వచ్చేశాను. వాళ్ళింట్లో ఉన్నది ఒక్కటే బాత్రూము. నేను ఎన్నిసార్లు వెళుతున్నానో పిల్లలు కూడా గమనించారు.

రేడియేషన్‌కి ముందే నాకు హార్మోను సూది మొదలుపెట్టారు. కేన్సర్‌కి తిండి అందకుండా మగ హార్మోన్ని ఆపే సూది అది. కొన్ని నెలలకోసారి ఇక్కడే వేయించుకునేవాణ్ణి. దాని వల్ల ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిరి లేచేది. ముఖం, మెడ, ఛాతీ మండిపోయి, చొక్కా తడిసిపోయి, అంతలోనే చలి పుట్టేది. చనిపోయిన మా అన్నయ్య భార్య, మా వదిన, మా పక్క సందులో ఒక్కతే ఉండేది. ఒకరోజు ఆవిడ వంకాయ కూర పట్టుకొచ్చిన సమయానికి నాకు ఆ ఆవిరి వచ్చింది.

"ఏటి బావూ, ఆ సెమటలేటి? ఫ్యాను తిరుగుతానే ఉంది కదా."

"ఏమో వదినా. లోపల్నించి పొయ్యి రాజేసినట్టు ఉంటాది. రెండు నిమిషాలు. మళ్ళీ తగ్గిపోతాది."

ఆవిడ నన్ను కాసేపు పరీక్షగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది ఆడోళ్ళకొచ్చేది బావూ! నాకు ముట్లు ఆగిపోయినప్పుడు అచ్చం ఇలాగే. మీ అన్నయ్యకి సెప్తే జ్వరమేమో అని మాత్ర తెచ్చినాడు. నీకెందుకొచ్చినాది ఇది?"

"మందుల వేడి" అన్నాను.

ఆవిడ ఇంకేం అడగలేదు. "టీ మానీ. కారం తగ్గించీ. మెడ మీద తడిగుడ్డ ఏసుకో, తగ్గుతాది" అంది. మర్నాటి నుంచి రోజూ ఒక గిన్నెడు పల్చటి మజ్జిగ తెచ్చి ఇచ్చేది. ఆవిడ చెప్పినవన్నీ పనిచేశాయి. ఆవిడకి ఏదో తెలిసిందనే అనుకుంటాను. కానీ వానాకాలం రాకముందే మోకాళ్ళు బొత్తిగా పట్టేసి, పలాసలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాత ఆ సందులోకి నేను వెళ్ళడానికి పనేమీ లేకపోయింది.

స్టేషన్ దగ్గర టీ కొట్టులో రిటైరైన డ్రైవర్లం పొద్దున్నే కలిసేవాళ్ళం. దాన్ని మానేశాను. టీ తాగితే పావుగంటలో పరుగు. చుట్టుపక్కల బాత్రూము లేదు. మొదట్లో ఫోన్లు చేసేవారు. ఒంట్లో బాగాలేదని నాలుగైదుసార్లు చెప్పాక వాళ్ళూ మానేశారు. ఊరంతా నాకు బాత్రూములుగా మారిపోయింది. ఫలానా పెట్రోలు బంకులో ఉంది, ఫలానా బ్యాంకులో అడిగితే ఇస్తారు, మార్కెట్లో లేదు. లేనిచోటికి వెళ్ళడం మానేశాను. ఉన్నచోటికి వెళ్ళడానికి పనేముంది?

మనవరాలి పుట్టినరోజుకి మాత్రం వెళ్ళక తప్పలేదు. పొద్దుట్నించి నీళ్ళు తాగకుండా, బయల్దేరే ముందు రెండుసార్లు బాత్రూముకి వెళ్ళి ఆటో ఎక్కాను. టాటీబంధ్ కూడలికి ముందు ట్రైలర్ లారీ ఒకటి అడ్డంగా నిలిచిపోయి, అన్ని వైపుల బండ్లూ ఇరుక్కుపోయాయి. ముందు లారీ, వెనక బస్సు, పక్కన ఇనుప కడ్డీల బండి. దిగినా వెళ్ళడానికి చోటు లేదు. అప్పుడు మొదలైంది. ఒకప్పుడు స్టేషన్ల తర్వాత స్టేషన్లు బిగబట్టిన మనిషిని నేను. ఆ కండరం ఇప్పుడు నా మాట వినలేదు. ముందు వెచ్చగా, తర్వాత చల్లగా ప్యాంటు తడిసిపోయింది.

ఒళ్ళో మనవరాలికి కొన్న బొమ్మ పెట్టె, పక్కన నీళ్ళ సీసా ఉన్నాయి. పెట్టె పక్కన పెట్టి, సీసా మూత తీసి ఒళ్ళో ఒంపుకున్నాను.

ఆటోవాడు అద్దంలో చూసి, ఏమైందని ఛత్తీస్‌గఢీలో అడిగాడు: "కా హోగే, కకా?"

"బోతల్ గిర్ గయా" అన్నాను, సీసా ఒలికిందని.

బండి వెనక్కి తిప్పమన్నాను. వాడు పాపం సీటు తుడుచుకోమని గుడ్డ ఇచ్చాడు. కూతురికి ఫోన్ చేసి జ్వరమొచ్చిందని చెప్పాను. ఫోన్లో వెనక నుంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. "నానాజీ ఆ రహే హై క్యా?" అని, తాత వస్తున్నాడా అని చిన్నది అడుగుతోంది. ఇంటికొచ్చి ప్యాంటు ఉతుక్కున్నాను. డాబా మీద ఆరేస్తే ఫ్యాక్టరీల మసి పడుతుంది. అదీ కాక రోజూ నా దుప్పట్లు, ప్యాంట్లు డాబా మీద కనపడుతుంటే ఎదురింటావిడ చూస్తోందని నాకు అనుమానం. ముందు గదిలో తాడు కట్టి అక్కడే ఆరేశాను. మనుషులు రాని గది కదా.

ఆ సాయంత్రం మేష్టారికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆయన మధ్యలో అయ్యో అనలేదు.

"నీళ్ళు మానేశారా?"

"మానేశానండీ."

"అదే పొరపాటు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి ఇంకా పొడుస్తుంది. పగలంతా కొంచెం కొంచెం తాగండి, పొద్దుపోయాక తగ్గించండి. నాకిక్కడ ఫిజియోథెరపీ అమ్మాయి ఒక వ్యాయామం నేర్పింది, రాసుకోండి. అక్కర్లేదు, వినండి చాలు."

మూత్రం మధ్యలో ఆపడానికి ఏ కండరం బిగిస్తామో దాన్ని బిగించి, కాసేపు ఉంచి, పూర్తిగా వదలాలి. కూర్చున్నా, నుంచున్నా చెయ్యొచ్చు. ఊపిరి బిగబట్టకూడదు. బాత్రూములో ఉన్నప్పుడు మాత్రం చెయ్యకూడదు. ఇంకోటి, ఒత్తిడి రాగానే పరిగెత్తకూడదు. పరిగెత్తితేనే కారిపోతుంది. ఉన్నచోట ఆగి, గబగబా నాలుగుసార్లు బిగించి, మనసు వేరేదాని మీద పెట్టి, ఒత్తిడి తగ్గాక నడుచుకుంటూ వెళ్ళాలి. తను ఎక్కాలు చదువుకుంటానన్నాడు మేష్టారు. నేను స్టేషన్లు చదువుకునేవాణ్ణి. రాయపూర్, సరస్వతీ నగర్, సరోనా, కుమ్హారీ... మొదట్లో కుమ్హారీ చేరకముందే ఓడిపోయేవాణ్ణి. కొన్ని నెలలకి దుర్గ్ దాకా వెళ్ళగలిగాను.

ఆదివారాలు మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. ఒకసారి ఆయన తటపటాయించి, "డ్రైవరుగారూ, మీకు... ఆ కోరికలూ అవీ ఉన్నాయా?" అని అడిగాడు. లేవన్నాను. సూది మొదలయ్యాక అసలు ఆ ఊహే రావడం లేదన్నాను. "నాకూ అంతే. మా ఆవిడ పక్కనే పడుకుంటుంది. ఏమీ అనదు. నేనూ ఏమీ అనను. ఏదో ఒకటి అంటే బాగుణ్ణు" అన్నాడు. నా పక్కన ఎవరూ లేరు. ఎవరిది నయమో నాకు తెలీలేదు. తర్వాత ఇద్దరం మలబద్ధకం గురించి మాట్లాడుకున్నాం.

వైద్యమై ఏడాది దాటాక, ఒక పొద్దున దొడ్డికి వెళితే రక్తం పడింది. ఎర్రగా, నొప్పి లేకుండా. మర్నాడు కూడా పడింది. జబ్బు తిరగబెట్టిందని నిర్ణయించేసుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. ఆదివారం కాకపోయినా మేష్టారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఆడగొంతు పలికింది. ఆయన కోడలట. తెలుగు, ఒడియా కలిపి మాట్లాడుతోంది.

"మామయ్యగారు పోయారండీ. నాలుగు రోజులైంది. గుండెపోటు. మీరెవరండీ?"

ఏం చెప్పాలి? స్నేహితుణ్ణన్నాను. 

"స్కూల్లో కలిసి పనిచేశారా?"

"అవునమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టేసి ముందు గదిలో కూర్చున్నాను. తాడు మీద దుప్పటి ఆరుతోంది. మేష్టారు కేన్సర్‌తో పోలేదు. దాన్ని గెలిచి పోయాడు. నా గురించి ఇంట్లో ఎవరికీ చెప్పినట్టు లేడు. నేనూ ఆయన గురించి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు వంట చెయ్యలేదు. మర్నాడూ ఏదో ఒకటి తిని పడుకున్నాను. ఫోన్ మోగితే ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి మా అమ్మాయి స్కూటర్ మీద వచ్చేసింది. 

తలుపు తీశాను. ఆ పిల్ల నన్ను చూడలేదు. నా వెనక ఆరేసిన దుప్పటి, రెండు ప్యాంట్లు, మూలన మూతి విప్పిన డైపర్ల ప్యాకెట్టు చూసింది.

"యే సబ్ క్యా హై, నాన్నా?"

తెలుగులో మొదలుపెట్టబోయాను. మాట రాలేదు. హిందీలో చెప్పాను. ఎందుకోగానీ హిందీలో సులువుగా వచ్చింది, ఎవరో పరాయివాడికి జరిగింది చెబుతున్నట్టుగా. ప్రోస్టేట్, కేన్సర్, ప్రోటాన్, టాటీబంధ్‌లో ఆటో, రక్తం. మేష్టారు పోయాడని చెప్పేటప్పుడు మాత్రం తెలుగులోకి వచ్చేశాను.

ఆ పిల్ల కూర్చుని వింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కోపంగా చూసింది.

"కిడ్నీ అన్నావు."

"అవును."

"రెండు నెలలు నువ్వక్కడ కేన్సర్ కి ట్రీట్‌మెంట్ తీసుకుంటుంటే, నేనిక్కడ అందరికీ కిడ్నీ కిడ్నీ అని చెప్పాను. నాన్నా, మా మావగారికి కూడా ప్రోస్టేట్ ప్రాబ్లమే. ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన మాత్ర వేసుకున్నాడా లేదా అని పిల్లలు కూడా అడుగుతారు. ఇందులో దాచడానికి ఏముంది?"

ఆ పిల్ల లేచి తాడు మీది బట్టలు తీసి మడతపెట్టింది. తర్వాత నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

లోపలికి గొట్టం పంపి చూడాలన్నారు. వరండాలో జనం మధ్య నర్సు నిలబడి, ఇంతకుముందు ఏమైనా వైద్యం జరిగిందా అని అడిగింది. నేను నోరు తెరవకముందే మా అమ్మాయి, "ప్రోస్టేట్ కేన్సర్ థా. ప్రోటాన్ రేడియేషన్ హువా హై, చెన్నై మే" అని గట్టిగా చెప్పింది. పక్కన కూర్చున్నవాళ్ళు తలెత్తి చూశారు. చూసి, మళ్ళీ తమ ఫోన్లలోకి వెళ్ళిపోయారు. ఇంతకాలం నేను భయపడింది ఆ చూపుకే. అది రెప్పపాటులో అయిపోయింది.

పరీక్ష అయ్యాక పేగుల డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. కేన్సర్ తిరగబెట్టలేదు. గ్రంథి పక్కనే ఉన్న పేగు గోడకి కొంత కిరణం తగలడం వల్ల అక్కడి సన్నటి రక్తనాళాలు పెళుసుబారి చిట్లుతున్నాయి. కొందరికి ఇలా ఏడాదికో రెండేళ్ళకో వస్తుంది. "ముందే చెప్పడం మంచిదైంది. తెలియకపోతే పరీక్షకని అక్కడ చిన్న ముక్క తీసేవాణ్ణి. రేడియేషన్ తగిలినచోట గాయం చేస్తే అంత తేలిగ్గా మానదు" అన్నాడు. మా అమ్మాయి నా వైపు చూడకుండా తన చేతి గాజులు చూసుకుంది.

చిట్లిన నాళాలని వేడితో మూసేశారు. మళ్ళీ ఒకసారి చేయాల్సి వచ్చింది. గట్టిగా ముక్కకుండా ఉండేలా పీచున్న తిండి తినమన్నారు, ఇసబ్‌గోల్ తాగమన్నారు. రక్తం తగ్గిపోయింది. ఎప్పుడైనా ఒక చుక్క కనిపించినా ఇప్పుడు భయపడను. హార్మోను సూది ఆపేశాక ఆవిర్లు కూడా మెల్లగా పోయాయి. బలం కొంత తిరిగొచ్చింది. ఆ కోరిక మాత్రం తిరిగి రాలేదు. ఒకసారి చెకప్‌లో డాక్టరు, "భార్యాభర్తల సంబంధం ఎలా ఉంది?" అని అడిగాడు. నా భార్య లేదని చెప్పాను. "ఓకే" అని కంప్యూటర్లో ఏదో నొక్కి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేం లేదు. కానీ మేష్టారి తర్వాత ఆ సంగతి అడిగింది ఆయన ఒక్కడే. నాకేదో చెప్పాలని ఉండింది. ఏమిటో నాకే సరిగ్గా తెలీదు.

ఇప్పుడు ఆరునెలలకోసారి పరీక్షకి మా అమ్మాయే తీసుకెళుతుంది. ఈమధ్య వెళ్ళినప్పుడు, రక్తపరీక్షలో కేన్సర్ జాడ చెప్పే అంకె చాలా తక్కువగా ఉందనీ, ఇకమీదట ఏడాదికోసారి వచ్చినా చాలనీ చెప్పారు. ఆ పిల్ల సంతోషంతో అక్కడే మొగుడికి ఫోన్ చేసి చెప్పింది. దారిలో స్వీట్లు కొంది. నన్ను గేటు దగ్గర దింపింది.

"లోపలికి రా, టీ పెడతాను" అన్నాను.

"పిల్లల ట్యూషన్ టైమ్ నాన్నా. ఆదివారం నువ్వే రా. ఆటోలో ఒద్దు, ఈయన వచ్చి తీసుకొస్తారు."

స్కూటర్ గల్లీ చివర మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. ఈ కబురు ఎవరికైనా చెప్పాలనిపించింది. పలాసకి వదినకి ఫోన్ చేశాను. ఆవిడకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు.

"వదినా, నా జబ్బు నయమైపోయింది."

"ఎవులు, బావూ?"

"నేనే. జబ్బు తగ్గిపోయింది."

"వానా? ఇక్కడా పడతన్నాది. తిన్నావా?"

తిన్నానని గట్టిగా చెప్పాను. ఒళ్ళు జాగ్రత్త అని చెప్పి పెట్టేసింది. స్వీట్ల పెట్టె బల్ల మీద పెట్టి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టాను.